చేతులు మారే కెమెరా

యూట్యూబులో వచ్చే కెమెరా సమీక్షల్లో ఇల్లు కనపడదు. ఎక్కడో మంచు పడుతున్న వీధి ఉంటుంది, కాఫీలోకి పాలు జారే స్లోమోషన్ ఉంటుంది, రాత్రిపూట రంగు దీపాల కింద ఒంటరిగా నడిచే కుర్రాడు ఉంటాడు. ట్యూబులైటు వెలుగులో, నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతుంటే, వంటింట్లో కుక్కరు కూత పెడుతుంటే, పక్క గదిలో సీరియల్ నడుస్తుంటే ఈ వస్తువు ఏం చూస్తుందో, ఏం వింటుందో ఎవరూ చూపించరు. చివర్లో మాత్రం "రోజూ వాడుకోవడానికి బెస్ట్" అని అందరూ చెప్పేస్తారు. ఎవరి రోజు?

నా దగ్గరున్నది డీజేఐ ఓస్మో పాకెట్ 3 అనే జేబు వీడియో కెమెరా. డ్రోన్లతో పేరు తెచ్చుకున్న షెన్‌జెన్ కంపెనీ సరుకు. ఈ వరసలో మొదటిది 2018లో, రెండోది 2020లో వచ్చాయి, ఈ మూడోది 2023 అక్టోబరులో వచ్చింది. బరువు 179 గ్రాములు, పొడవు జానెడు కూడా ఉండదు. విడుదలైనప్పుడు అమెరికాలో ధర 519 డాలర్లు. మన దగ్గర కొట్టుకో రేటు, ఆన్‌లైన్‌లో ఇంకో రేటు, అమెరికా నుంచి వచ్చే బావమరిది చేత తెప్పించుకుంటే మరో రేటు. ఎలా లెక్కేసినా ఒక మంచి ఫోను ఖరీదు. మరి జేబులో ఇప్పటికే 4కే, అంటే బాగా స్పష్టమైన వీడియో తీసే ఫోనున్నవాడు ఇంత డబ్బు పోసి ఇంకో కెమెరా ఎందుకు కొనాలి?

చాలామంది కొనక్కర్లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. కొద్దిమందికి మాత్రం ఇది పనికొచ్చే వస్తువే. కాకపోతే ఎందుకు పనికొస్తుందన్నది సమీక్షల్లో దొరకదు. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన ఇళ్లలో వీడియో అంటే చాలాకాలం పెళ్లే. వీడియో ఆయన భుజాన కెమెరా, పక్కన హాలోజన్ లైటు పట్టుకున్న కుర్రాడు, ఎవరి కాళ్లకీ తగలకుండా వైరు లాగే ఇంకో కుర్రాడు. ఆ లైటు పంక్తిలోకి వచ్చిందంటే తింటున్నవాళ్లు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసి, కళ్లు చిట్లించి, అది ముందుకి కదిలేదాకా బిగుసుకుపోయేవాళ్లు. తర్వాత మిక్సింగులో పెళ్లికూతురు గులాబీ పువ్వులోంచి విచ్చుకుని వచ్చేది. అలాంటి వీహెచ్ఎస్ క్యాసెట్లు మా బీరువా అడుగున ఇప్పటికీ ఉన్నాయి. పోయినవాళ్లంతా వాటిలో ఉన్నారు. ఒక్కరూ మాట్లాడరు. మీద సన్నాయో సినిమా పాటో పరిచేశారు, దాని కింద వాళ్లు అక్షింతలు వేసి, కెమెరా వైపు ఓసారి చూసి, పక్కకి తప్పుకుంటారు. మా తాతయ్య గొంతు ఎలా ఉండేదో చెప్పడానికి ఆ క్యాసెట్లు దేనికీ పనికిరావు.

తర్వాత హ్యాండీక్యామ్‌లు వచ్చాయి. టేపు ఖరీదు, బ్యాటరీ చార్జింగు, పిల్లలు ముట్టుకుంటే దెబ్బలు. అది కూడా పండక్కీ, యాత్రకీ మాత్రమే బయటికి వచ్చే వస్తువైంది.

2007లో అమెరికాలో ఫ్లిప్ అని ఒక బుల్లి వీడియో కెమెరా వచ్చింది. ప్యూర్ డిజిటల్ అనే చిన్న కంపెనీ చేసింది. మధ్యలో పెద్ద ఎర్ర బొత్తాం, ఒకసారి నొక్కితే మొదలు, మళ్లీ నొక్కితే ఆగుతుంది. పక్కనుంచి యూఎస్‌బీ పుల్ల విచ్చుకుంటుంది, కంప్యూటరుకి గుచ్చితే చాలు. మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచే మోడల్ కూడా ఉండేది. బొమ్మ నాణ్యత చూస్తే హ్యాండీక్యామ్ ముందు నిలబడేది కాదు. అయినా విపరీతంగా అమ్ముడుపోయింది. 2009లో సిస్కో ఆ కంపెనీని 590 మిలియన్ డాలర్ల విలువైన షేర్లిచ్చి కొనేసింది. అదే ఏడాది జూన్‌లో వీడియో తీసే ఐఫోన్ 3జీఎస్ వచ్చింది. 2011 ఏప్రిల్‌లో సిస్కో ఫ్లిప్ దుకాణం కట్టేసింది. ఫోను మింగేసింది, కథ అయిపోయింది అని అప్పుడు అందరూ రాశారు.

ఆ మాట సగమే నిజం. ఎప్పుడూ జేబులో ఉండటం, వీడియో తీయడం, ఈ రెండూ ఫోను తీసేసుకుంది. ఫ్లిప్‌కి ఉన్న మూడో గుణాన్ని మాత్రం అది తీసుకోలేదు. ఆ కెమెరా ఇంటిది. బల్లమీద పడి ఉండేది, ఎవరి చేతికందితే వాళ్లు తీసేవాళ్లు. ఫోను అలా కాదు, అది ఒక మనిషిది. దాని మీద వేలిముద్ర తాళం, లోపల బ్యాంకు, ఫోన్‌పే, ఆఫీసు మెయిలు, చూపించకూడని చాట్లు. ఫోనుని ఎవరికైనా ఇస్తాం గానీ ఇచ్చాక పక్కనే నిలబడి చూస్తుంటాం. పిల్లాడికిస్తే వీడియో తీయడు, యూట్యూబు తెరుస్తాడు. పెద్దవాళ్లకిస్తే ఏది నొక్కితే డబ్బులు పోతాయోనని అసలు ముట్టుకోరు. రోజూ పేపర్లో వచ్చే సైబర్ మోసాల వార్తలు చదివాక వాళ్ల భయం తప్పని నేననను.

కాబట్టి ఫోనుతో తీసిన ఇంటి వీడియోలన్నీ ఒక మనిషి ఎత్తునుంచి, ఒక మనిషి ఆసక్తితో తీసినవే. తీసేవాడు అందులో ఉండడు, లేదంటే సెల్ఫీలో ముక్కు పెద్దగా ఉంటాడు. జేబు కెమెరా కొనాలా వద్దా అనే ప్రశ్నని నేను ఇక్కడినుంచే చూస్తాను. ఇంట్లో దీన్ని ఎంతమంది ముట్టుకుంటారు? ఒక్కరే అయితే ఫోను చాలు.

ఇక వస్తువు దగ్గరికి వద్దాం. దీనికి తల ఉంది, మెడ ఉంది. మూడు చిన్న మోటార్లు లెన్సుని పట్టుకుని ఉంటాయి, దాన్నే గింబల్ అంటారు. కోడిని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఒళ్లు కదులుతుంది గానీ తల ఉన్నచోటే ఉంటుంది కదా, అచ్చం అంతే. పిడి మీద రెండంగుళాల తెర నిలువుగా ఉంటుంది. దాన్ని బొటనవేలితో అడ్డంగా తిప్పితే కెమెరా మేలుకుంటుంది. కావాలంటే తిప్పగానే రికార్డింగ్ మొదలయ్యేలా కూడా పెట్టుకోవచ్చు. ఫ్లిప్ ఎర్ర బొత్తాం ఆత్మ ఎక్కడైనా మిగిలుందంటే అది ఈ తెర తిప్పుడులోనే. పిన్ను లేదు, పాటర్ను లేదు, యాప్ వెతుక్కోవడం లేదు. మొదటిసారి మాత్రం ఫోనులో వాళ్ల యాప్ వేసుకుని యాక్టివేట్ చేయాలి. కెమెరా కొంటే ఖాతా తెరవమనడమేమిటో నాకర్థం కాదు గానీ, ఆ పని ఒకసారితో పోతుంది.

గింబల్ ఎందుకు, ఫోన్లో కూడా కుదుపు లేకుండానే వస్తోందిగా అంటారు. పగలు మైదానంలో వస్తుంది. రాత్రి ఇంట్లో చూడండి. కుదుపు తగ్గించడానికి ఫోన్లలో లెన్సో, బొమ్మని పట్టే సెన్సరో కాస్త కదిలే ఏర్పాటు ఉంటుంది, కానీ అది కదలగలిగేది కొంచెమే. మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌ది. అంచులు కొంత కత్తిరించి, ఒక్కో ఫ్రేమునీ, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మనీ జరిపి, ముందుదానితో సరిపెడుతుంది. వెలుతురు తక్కువైతే ఒక్కో ఫ్రేముకి షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. సెకనులో యాభయ్యో వంతు అనుకోండి. ఆ కాస్తలోనే చెయ్యి కదిలితే ఆ ఫ్రేమే అలుక్కుపోతుంది. అలుక్కుపోయిన ఫ్రేముని ఎంత జరిపినా అలుకు అలుకే. అందుకే ఫోనుతో రాత్రి నడుస్తూ తీసిన వీడియోల్లో దృశ్యం నిలకడగా ఉన్నా, ఉండుండి మసక కొట్టుకుంటుంది. గింబల్ లెన్సునే కదలనివ్వదు కాబట్టి ఆ బాధ చాలా తగ్గుతుంది. దీనికి ఒక అంగుళం సెన్సరు తోడైంది. పేరుకి అంగుళమే గానీ కొలిస్తే 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు. అయినా చాలా ఫోన్ల సెన్సర్ల కన్నా పెద్దదే. లెన్సు ఎఫ్/2.0, వెలుతురు బాగా రానిచ్చే రకం. ఒకే ట్యూబులైటు ఉన్న నడవాలో ఈ తేడా కంటికి కనపడుతుంది. పట్టపగలు వాకిట్లో తీస్తే మీ ఫోనుకీ దీనికీ తేడా చెప్పమని నన్నడిగితే నేను తడుముకోవాల్సిందే.

గింబల్ కూడా అన్నీ చేయదు. అది తిప్పుళ్లనీ వంపుల్నీ ఆపుతుంది. మనం అడుగేసినప్పుడు చెయ్యి పైకీ కిందకీ ఊగుతుంది చూడండి, దాన్ని ఆపలేదు. మెట్లెక్కుతూ తీస్తే ఆ ఊపు తెలిసిపోతుంది. మోకాళ్లు కాస్త వంచి, నిండు బిందె మోస్తున్నట్టు నడవాలి.

ట్యూబులైటు అన్నాను కాబట్టి సమీక్షల్లో దొరకని ఇంకో ముక్క. మన కరెంటు 50 హెర్ట్జ్. చోకు ఉన్న పాత ట్యూబులైట్లు, చవకరకం ఎల్‌ఈడీ బల్బులు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, అందుకే అక్కడివాళ్లు సెకనుకి 30 లేదా 60 ఫ్రేములు తీయమంటారు. అదే మాట విని ఇక్కడ 30 ఫ్రేములు, అరవయ్యో వంతు షట్టరు పెడితే గోడల మీద నల్లటి చారలు పాకుతుంటాయి. మన ఇళ్లలో 25 ఫ్రేములు, యాభయ్యో వంతు షట్టరు పెట్టుకుంటే ఆ చారలు పోతాయి. ఇది ఏ కంపెనీ కెమెరాకైనా వర్తిస్తుంది, ఫోనుకి కూడా. ఈ ఒక్క సెట్టింగు తెలియక కెమెరా పాడైందని కొట్టుకి తిరిగి తీసుకెళ్లినవాళ్లని చూశాను.

శబ్దం దగ్గర నాకు పట్టుదల ఎక్కువ. తాతయ్య గొంతు లేని క్యాసెట్లు చూసినవాణ్ని. ఈ కెమెరాలో మూడు మైకులున్నాయి, రెండు మూడు అడుగుల దూరం దాకా పర్వాలేదు. అంతకు మించితే మన ఇళ్లలో గెలిచేది ఫ్యానే. వేసవిలో ఫ్యాను ఆపి మాట్లాడమని పెద్దవాళ్లని అడగడానికి నాకు నోరు రాదు. అందుకని డబ్బు మిగిలితే పెద్ద మెమరీ కార్డు మీద కాకుండా బట్టలకి తగిలించే వైర్‌లెస్ మైకు మీద పెట్టండి. ఎక్కువ ఖరీదు ప్యాకేజీలో అదే కంపెనీ మైకు వస్తుంది, నేరుగా కెమెరాతో కలుస్తుంది, మధ్యలో రిసీవరు అక్కర్లేదు. చీర కట్టుకున్నవాళ్లకి దాన్ని పమిటకి తగిలిస్తే కొంగు రాపిడి చప్పుడు మాట మీదకి వచ్చి పడుతుంది. జాకెట్టు మెడ అంచుకి తగిలిస్తే ఆ గొడవ ఉండదు. షర్టయితే రెండో గుండీ దగ్గర.

మా పెద్దమ్మ ఉండేది పార్వతీపురం దగ్గర పల్లెలో. ఆవిడ విస్తర్లు కుడుతుంది. కొండమీది నుంచి సంతకి వచ్చే అడ్డాకులు కొని, ఆరబెట్టి, కట్టలు కట్టుకుంటుంది. ఇప్పుడు పెళ్లిళ్లకి కాగితం ప్లేట్లు వచ్చేశాయి కాబట్టి ఎవరికీ అమ్మదు, ఇంట్లో తద్దినాలకీ వ్రతాలకీ మాత్రం కుడుతుంది. ఎడమచేతి బొటనవేలి కింద రెండాకుల అంచులు ఒకదాని మీదొకటి అదిమి పట్టుకుంటుంది. కుడిచేత్తో చీపురుపుల్ల గుచ్చి పైకి తీసి, గోటితో టిక్కున తుంచుతుంది. పుల్ల ఎంత పొడవుండాలో ఆ గోరుకి తెలుసు. ఆకు తిరుగుతుంటుంది, ఆవిడ మాట్లాడుతుంటుంది, చూపు మాత్రం వీధి గుమ్మం మీద ఉంటుంది.

దీన్ని తీద్దామని కూర్చున్నాను. మొహాన్ని గుర్తుపట్టి వెంబడించే ఏ కెమెరాకైనా ఒక పట్టు ఉంటుంది, దానికి మొహమే ముఖ్యం. నేను చేతులవైపు పెట్టినా, ఆవిడ తల కాస్త వంచి ఫ్రేములోకి రాగానే దీని మెడ పైకి లేచేది. మళ్లీ కిందకి దించితే మళ్లీ పైకి. పెద్దమ్మ చేస్తున్న పని ఆపి దాన్ని తేరిపార చూసింది.

"ఏటిరా ఇది, తలకాయెత్తి సూస్తంది. దీనికి పేణముందేటి?"

మొహాల వెతుకులాట ఆపేసి, తెరమీద ఆవిడ చేతుల మీద వేలితో గీసి పెట్టాను. అప్పుడు అది చేతుల్నే పట్టుకుని తిరిగింది. విస్తరి గుండ్రంగా పెరుగుతుంటే ఆ గోరు తుంచే చప్పుడుతో సహా వచ్చింది. ఈ కెమెరాలు తయారుచేసినవాళ్ల ఊహలో వాడేవాడంటే తన మొహం తానే తీసుకుంటూ మాట్లాడేవాడు. ఇంటి వీడియోకి మొహం కన్నా చేతులు ఎక్కువసార్లు కావాలి. పిండి కలిపే చేతులు, జడ అల్లే చేతులు, పత్తి వొత్తులు చేసే చేతులు. ఇది కొన్నవాళ్లు మొదటిరోజే నేర్చుకోవాల్సింది మొహం వెతకడం ఎలా ఆపాలన్నది.

ఆ మధ్యాహ్నమే మా మేనల్లుడు, మూడో క్లాసు, కెమెరా పట్టుకుపోయాడు. వాడికి తెర తిప్పడం చూపించానంతే. సాయంత్రం కార్డులో ఏముందో చూస్తే, మేక పిల్ల మూతి, బావి గిలక, నిద్రపోతున్న మా బావ అరికాలు, మంచం కింద దొర్లిన గోళీ కోసం చాలాసేపు చీకట్లో వెతుకులాట. అన్నీ మూడడుగుల ఎత్తునుంచి. నేనైతే ఒక్కటీ తీసేవాణ్ని కాదు. ఒక క్లిప్పులో నేనున్నాను, అరుగుమీద కూర్చుని ఫోను చూసుకుంటూ. ఆ తర్వాత పెద్దమ్మ వాడి దగ్గర్నుంచి లాక్కుని, ఏ వైపు పట్టుకోవాలో అడిగి, పెరట్లో జామచెట్టుని తీసింది. కాయలు రాలిపోతున్నాయని విజయనగరంలో ఉన్న కొడుక్కి చూపించాలట. చెట్టు కిందనుంచి పైదాకా మెల్లగా చూపిస్తూ ఏ కొమ్మకి ఎప్పుడు పురుగు పట్టిందో చెప్పుకుంటూ పోయింది. జన్మలో ఫోను కెమెరా తెరవని మనిషి. చెయ్యి వణుకుతుంది ఆవిడకి. ఆ వణుకు వీడియోలో లేదు. గింబల్‌కి నేనిచ్చే అసలు మార్కు అక్కడ. నాలాంటివాడి చేతిలో అది సోకు, వణికే చేతిలో అది అవసరం.

ఫోను విషయంలో ఇంకో చిరాకు కూడా కలపాలి. చాలా ఫోన్లలో వీడియో తీస్తుండగా కాల్ ఎత్తితే రికార్డింగు ఆగిపోతుంది. ఎత్తకపోయినా రింగు, వణుకు. పెద్దాయన చిన్నప్పటి కరువు సంగతి చెబుతుంటే మధ్యలో క్రెడిట్ కార్డు కావాలా సార్ అని ఎవరో వస్తారు. తెగిన మాట మళ్లీ అందుకోవడం పెద్దవాళ్లకి కష్టం. ఈ కెమెరాకి ఎవరూ ఫోన్ చేయరు.

ఇక పనికిరానివి. లెన్సుతో చేసే జూమ్ లేదు, ఉన్నది బొమ్మని కత్తిరించి పెద్దది చేసే డిజిటల్ లాగుడు. స్కూలు యాన్యువల్ డేకి వెనక వరసలో కూర్చుని స్టేజీ మీద మీ అమ్మాయి డాన్సు తీయాలనుకుంటే దీన్ని ఇంట్లో పెట్టి వెళ్లండి. దూరాన్ని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్సున్న ఫోను దీన్ని చిత్తుగా ఓడిస్తుంది. ఫోటోలు 9 మెగాపిక్సెళ్ల దగ్గరే ఆగిపోతాయి, వాటికోసం కొనేది కాదు. నీళ్లు పడకూడదు. గోప్రో లాంటి యాక్షన్ కెమెరాలు ఏ తొడుగూ లేకుండా 10 మీటర్ల లోతు దిగుతాయి, ఇది చినుక్కి కూడా జడుస్తుంది. పుష్కరాలకి, భీమిలి బీచికి, వానాకాలం అరకుకి యాక్షన్ కెమెరానే మేలు. వాటి సెన్సర్లు చిన్నవి, చీకట్లో తేలిపోతాయి, అది వేరే సంగతి. ఇసుక, ముగ్గుపిండి, రైసుమిల్లు దుమ్ము, వీటి దగ్గర ఆ మెడ కీళ్లని తలుచుకుంటే నాకే భయం.

కంపెనీ చెప్పే లెక్క ప్రకారం ఇది పనిచేసే ఉష్ణోగ్రత 40 డిగ్రీల దాకా. మేలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉన్నవాళ్లు ఆ వాక్యం చదివి నవ్వుకోవచ్చు. ఎండలో 4కే ఆపకుండా తీస్తే ఒళ్లు కాలిపోతుంది దానికి. నీడపట్టున, చిన్న చిన్న ముక్కలుగా తీసుకోవాలి. తిరుమలకైతే పట్టుకెళ్లడమే దండగ, ఫోన్లూ కెమెరాలూ గుడిలోకి ఎలాగూ పోనివ్వరు, డిపాజిట్ చేయాల్సిన సామానులో ఇంకోటి పెరుగుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, తీసినవి ఏం చేస్తాం అన్నది ఒక్కటీ ఒక ఎత్తు. ఫోనుతో తీస్తే ఫోన్లోనే ఉంటుంది, అక్కడే చూస్తాం, అక్కడినుంచే పంపుతాం. ఈ కెమెరాలో సొంత నిల్వ లేదు, మైక్రో ఎస్‌డీ కార్డు వేయాలి. 4కేలో దీని గరిష్ఠ బిట్ రేటు, అంటే కార్డు మీద రాసే డేటా, సెకనుకి 130 మెగాబిట్లు. అంటే నిమిషానికి ఒక జీబీకి కాస్త తక్కువ. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ పావుగంట వీడియోతో నిండిపోతుంది. వాట్సాప్‌లో పంపితే అది పిండి పిప్పి చేసి పంపుతుంది, ఆ పిప్పి చూసి మా వదిన "దీనికా అంత డబ్బు పోశావు" అంది. ఆవిడ అన్నదాంట్లో న్యాయముంది. వాట్సాప్‌లో చూడటానికే తీసేవాళ్లకి అంగుళం సెన్సరు శుద్ధ దండగ.

రోజువారీ వాడకానికి నేను 4కే పెట్టను. 4కే కన్నా తక్కువ స్పష్టత ఉండే 1080, సెకనుకి 25 ఫ్రేములు. ఈ మాటకి కెమెరా పిచ్చోళ్లు నన్ను వెలివేస్తారని తెలుసు. కానీ ఇంట్లో నలుగురూ తీసే కెమెరా అయినప్పుడు ఫైళ్లు కుప్పలు పడతాయి. పెద్ద ఫైళ్ల కుప్ప అయితే ఎవరూ తెరవరు. చదును చేసిన రంగులతో తీసి తర్వాత దిద్దుకునే డీ-లాగ్ ఎమ్ అనే మోడ్ ఉంది, షార్ట్‌ఫిల్ములు తీసేవాళ్లకి బంగారం. ఇంట్లో దాన్ని ముట్టుకోకండి, మేకపిల్ల వెలిసిపోయినట్టుంటుంది, దిద్దడానికి ఎవరూ కూర్చోరు. ఎడిటింగు కూడా నేను చేయను. బాగోనివి తీసేస్తాను, మిగతావి నెలకో ఫోల్డరులో హార్డ్ డిస్కులోకి పోతాయి. ఊరికి వెళ్లినప్పుడు టీవీకి తగిలించి అందరం చూస్తాం. వీడియోని ఎక్కువగా కుదించే హెచ్‌ఈవీసీ పద్ధతిలో ఉన్న ఫైళ్లని చాలా పాత టీవీలు తెరవవు, అందుకని ఒకటి ముందుగా ఆడించి చూసుకోవాలి. చూసేటప్పుడు ఇది ఎవరు తీశారు అని అడగడం, ఎత్తుని బట్టి కనిపెట్టడం పిల్లలకి ఆటైపోయింది.

ఇంట్లో పెద్దవాళ్లుండి, పిల్లలుండి, దీన్ని బీరువాలో కాకుండా టీవీ పక్కన పెట్టగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు. పడితే ఎలా అన్న భయంతో ఎవరినీ ముట్టుకోనివ్వనివాళ్లు కొనకపోవడమే మంచిది, వాళ్ల చేతిలో ఇది ఇంకో హ్యాండీక్యామ్ అవుతుంది. ఒంటరిగా ఉండేవాళ్లు, వ్లాగులు తీసే ఉద్దేశం లేనివాళ్లు కూడా ఆ డబ్బుతో తర్వాతి ఫోను కాస్త మంచిది తీసుకోవచ్చు. పడితే ఎలా అంటారా, మణికట్టు తాడు తగిలించి ఇవ్వండి. దానికి యాభై రూపాయలు కూడా అవదు.

కొత్తది కొనలేకపోతే వాడినవి దొరుకుతున్నాయి. మోజు మీద కొని డ్రాయరులో పడేసినవాళ్లు చాలామందే ఉన్నారు. కొనేముందు తెర పదేపదే తిప్పి చూడండి, ఆ కీలే దీని స్విచ్చు. ఆన్ చేయగానే తల వణక్కుండా లేచి తిన్నగా నిలబడాలి. పిడిని ఓ పక్కకి వంచి గుమ్మాన్ని చూపిస్తే గుమ్మం తిన్నగానే ఉండాలి. ట్యూబులైటు కింద ఖాళీ గోడని కాసేపు తీసి, మచ్చలేమైనా ఉన్నాయేమో చూడండి.  బ్యాటరీ లోపలే ఉంటుంది, మనం మార్చుకునేది కాదు. పూర్తి చార్జింగుతో 1080లో 166 నిమిషాలు వస్తుందన్నది కంపెనీ మాట, అదీ తెర ఆపి, సెకనుకి 24 ఫ్రేములతో. ఆ లెక్కన అరగంట తీస్తే అయిదో వంతు, తెర వెలుగుతో కలిపి ఇంకాస్త తగ్గాలి. మూడో వంతు దిగిపోయిందంటే రేటు తగ్గించమని అడగండి, తగ్గించకపోతే లేచి వచ్చేయండి.